గంగమ్మ నీళ్ళెక్కడ తెచ్చుకునేది?

నలభై ఆరో ఏట ఎమ్మే చదువుతానంటే ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు పట్టుదలైనా వచ్చేది. మావారు "ఫీజెంత?" అని మాత్రం అడిగారు. బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయి ఫోనులో "గుడ్ అమ్మా" అన్నాడు, నేనేదో కొత్తరకం పచ్చడి పట్టినట్టు. మా అత్తగారు మాత్రం, "సదువుకోనీలేరా, టీవీ ముందర కూకోడం కంటే మేలే గదా" అన్నారు.

ఈ వ్యాసం పేరుకి విద్వాన్ విశ్వంగారి 'పెన్నేటి పాట' మీద విమర్శ. కాని అందులో విమర్శ మా అత్తగారిది, రాసిపెట్టడం వరకే నాది.

మాది గుంటూరు వైపు. పెళ్ళయి శింగనమల వచ్చి ఇరవై అయిదేళ్ళయింది. ఋష్యశృంగుడి పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందని ఇక్కడ చెప్పుకుంటారు. రామాయణంలో ఆయన అడుగుపెడితే అంగరాజ్యంలో వాన పడింది. ఆ మహానుభావుడి పేరు పెట్టుకున్న మా ఊరు మాత్రం అనంతపురం జిల్లాలో ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్యం మేఘాలు ఇంతదూరం వచ్చేసరికి అలిసిపోతాయి. పుట్టింటి నుంచి కృష్ణ కాలవనీళ్ళ దర్జా వెంట తెచ్చుకున్న నేను, మొదటి వేసవిలో స్నానానికి రెండు చెంబులిస్తే రాత్రంతా ఏడ్చాను. ఆ సంగతి మా అత్తగారు ఇప్పటికీ చుట్టాలకి చెబుతారు.

సరే, దూరవిద్యలో ఎమ్మే తెలుగులో చేరాను. అందులో ప్రాంతీయ సంస్కృతి, సాహిత్యం అని ఒక పేపరు. నేనున్న ప్రాంతమే కాబట్టి కళ్ళు మూసుకుని పాసవుతాననుకున్నాను. చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఇరవై అయిదేళ్ళుగా నేను కళ్ళు మూసుకునే ఉన్నానని.

ఈ సీమకి ఆ పేరెలా వచ్చిందో మీకు తెలుసా? 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశాడు. అప్పటినుంచి వీటికి దత్తమండలాలని పేరు. దత్తమంటే ఇచ్చేసినది. ఊరికే ఇచ్చేసిన పిల్లకి 'ఇచ్చేసిన పిల్ల' అనే పేరే నిలిచిపోతే ఎలా ఉంటుంది? నూట పాతికేళ్ళకి పైగా అలాగే పిలిచారు. 1928 నవంబరులో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అన్న పేరు సూచించారు. ఆయన పుట్టింది శ్రీకాకుళం వైపు. అనంతపురం కాలేజీలో పాఠం చెప్పడానికి వచ్చిన మనిషి, జనం నోట సామెతలు ఏరుకుంటూ ఉండిపోయారు. పేరు పెట్టడానికి ఇక్కడే పుట్టనక్కర్లేదు, ఇక్కడివాళ్ళ మాట వింటే చాలునన్నమాట. ఇది చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. నేనూ పై ఊరినుంచి వచ్చినదాన్నే. ఏం విన్నాను?

ఇక 'పెన్నేటి పాట'. దాన్ని రాసిన విద్వాన్ విశ్వంగారు 1915లో తరిమెలలో పుట్టారు. తరిమెల మా శింగనమల మండలంలోనిదే. తాకట్టులో భారతదేశం రాసిన తరిమెల నాగిరెడ్డిగారి ఊరూ అదే. మన వైపు ఆడవాళ్ళు కూడా విశ్వంగారిని ఎక్కువగా ఎరిగింది పత్రికల ద్వారానే. ఆంధ్రప్రభలో ఆయన 'మాణిక్యవీణ' చదివిన ఇళ్ళు ఎన్నో. ఆ మనిషి 1956లో అచ్చువేసిన కావ్యమిది. ఒకప్పటి వైభవం తలుచుకుంటూ, ఎండిపోయిన పెన్నను చూసి పెట్టిన శోకం. ఆ శోకం మధ్య రంగడు, గంగమ్మ అని ఒక పేద ఆలుమగలు. బతికి చెడ్డ సంసారం వాళ్ళది.

నా నోట్సులో దీనికి రెండున్నర పేజీలు. అంగిరసం కరుణ. వస్తువు కరువు. భాష దేశీయం. కవి హృదయం ఆర్ద్రం. పరీక్షకి ఇంతకంటే ఏం కావాలి? నేను సమర్పించాల్సిన వ్యాసానికి కూడా 'పెన్నేటి పాటలో కరుణ రసం' అని శీర్షిక రాసిపెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మా అత్తగారు వరండాలో కూచుని శెనక్కాయలు ఒలుస్తున్నారు. ఆవిడకి అయిదో తరగతితో చదువు ఆపేశారు, పైగా ఇప్పుడు కళ్ళు కనపడవు. కంఠతా వస్తుందని పక్కన కూచుని పైకి చదవడం మొదలెట్టాను. గంటసేపు విన్నారు. ఒలవడం ఆపలేదు గాని, రెండుమూడు చోట్ల చేయి ఆగింది. అయిపోయాక, "బాగ రాసినాడు. కడుపు కాలినోడే రాసినాడు" అన్నారు. కాసేపాగి అడిగారు:

"అవు గానీ పాపా, ఆ గంగమ్మ నీళ్ళు యాడ తెచ్చుకుంటాండె?"

నా దగ్గర జవాబు లేదు. నోట్సు తిరగేశాను. కరుణ ఉంది, ఔచిత్యం ఉంది, అలంకారాలున్నాయి. నీళ్ళ మాట మాత్రం లేదు. "కవిగారికి అది ముఖ్యం కాదేమో అత్తయ్యా" అన్నాను, గుంటూరు అలవాటు కొద్దీ అత్తయ్యా అనే పిలుస్తాను. ఆవిడ నా వంక జాలిగా చూశారు. "ఆడదానికి పొద్దు లేస్తే అదే గదమ్మా ముఖ్యం."

ఆ పూట నేను కరుణరసం పక్కన పెట్టి, ఆవిడని అడగడం మొదలుపెట్టాను. ఆవిడ పుట్టిల్లు పెన్న ఒడ్డున. పుస్తకం అచ్చయిన 1956లో ఆవిడకి ఏడేళ్ళు. చిన్న కడవ నెత్తిన పెట్టుకుని ఏట్లోకి పోయే వయసు. ఏరు ఎండితే నీళ్ళు పోయాయని మనం అనుకుంటాం. పోలేదట, ఇసుక కిందికి దిగాయట. అక్కడ చేత్తో గుంట తవ్వుకుంటే ఊట వస్తుంది. దాన్ని చెలిమ అంటారు. మొదట వచ్చేవి బురదనీళ్ళు. వాటిని తోడి పారబోయాలి. తర్వాత ఆగాలి. తొందరపడి చెయ్యి పెడితే మళ్ళీ కలక. తేరుకున్నాక టెంకాయ చిప్పతో కొంచెం కొంచెం ముంచి, గుడ్డ వేసి కడవలో వడగట్టుకోవాలి.

"తవ్వినోళ్ళదే చెలిమ అనుకుంటావేమో. కాదు. తవ్వినోళ్ళకి మొదటి కడవ. ఆపైన వంతు. బాలింత వస్తే వంతు లేదు, ముందు ఆమెకే. పోయేటప్పుడు కడాన ముంచినామె బురద ఎత్తిపోసి, గొడ్లు తొక్కకుండ కంప అడ్డం పెట్టిపోవల్ల" అన్నారు.

ఇదంతా ఏ పంచాయతీ రాసిందీ కాదు. ఊరి ఆడవాళ్ళు వేసుకున్న కట్టుబాటు. నీళ్ళు ఊరేదాకా ఏం చేసేవారు అని అడిగాను. "ఏం జేస్తాం, పాడుకుంటాంటిమి. లేకుంటే అత్తల్ని తిట్టుకుంటాంటిమి" అని నవ్వారు. ఊట ఊరేంతసేపూ ఒక పాట. పాట పొడుగు కడవను బట్టి ఉండేదట. మన పుస్తకాల్లో జానపద గేయాలకి శ్రమగీతాలని ఒక విభాగం ఉంది. దంపుడు పాటలు, నాట్ల పాటలు, కలుపు పాటలు. బిరుదురాజు రామరాజుగారు 1956లో, అంటే 'పెన్నేటి పాట' వచ్చిన ఏడే, తెలుగు జానపద గేయాల మీద డాక్టరేటు పొంది ఈ చదువుకి దారి వేశారు. ఆ దారిలో నడుస్తున్న నేను, మా ఇంటి వరండాలో ఉన్న మనిషిని పాట అడగడానికి ఇరవై అయిదేళ్ళు పట్టింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

ఇంకొకటి చెప్పారు. వానలు లేని ఏడు వాళ్ళ ఊరి రాములవారి గుడిలో విరాటపర్వం చదివించేవారట. విరాటపర్వం చదివితే వాన వస్తుందని తెలుగునాట పాత నమ్మకమే. నాకు అదే తిక్కనగారి విరాటపర్వం ఇంకో పేపరులో ఉంది. అందులో నేను వల్లెవేసింది నాటకీయత, పాత్రపోషణ. ఇక్కడేమో చదువురాని రైతులు ఆకాశం వంక చూస్తూ తిక్కనని విన్నారు. వాన వచ్చిందా అని అడిగితే, "ఒకోసారి వస్తాండె. రాకున్నా కత బాగుండె" అన్నారు. ఇంతకంటే మంచి సాహిత్య విమర్శ నేను తరగతిలో వినలేదు.

ఇప్పుడు నా మాట చెబుతాను. సీమ సంస్కృతి అనగానే మనం రెండు పెట్టెలు తెరుస్తాం. ఒకదాంట్లో రాయలవారి వైభవం, లేపాక్షి బసవన్న, తోలుబొమ్మలు. రెండోదాంట్లో కరువు, కన్నీళ్ళు. ఈ రెండు పెట్టెల మధ్య మనుషులు రోజూ ఎలా బతికారన్నది జారిపోతుంది. కరువు సంస్కృతి కాదు. కరువులో బాలింతకి ముందు వంతు ఇవ్వడం సంస్కృతి. పోతూ పోతూ కంప అడ్డం పెట్టి పోవడం సంస్కృతి.

ఇందులో విశ్వంగారి తప్పేమీ లేదు. ఆయన రాసిన కాలం చూడండి. 1953 నుంచి ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా ఉన్న కర్నూలు, ఆ పుస్తకం వచ్చిన 1956లోనే ఆ హోదా పోగొట్టుకుంది. రాజధాని హైదరాబాదుకు తరలింది. నీళ్ళున్న జిల్లాలవాళ్ళకి పెన్న గోడు వినిపించాలంటే ముందు వాళ్ళ గుండె కరగాలి. అందుకు కరుణ కావలసి వచ్చిందని నేననుకుంటాను. కావ్యం ఆ పని చేసింది, ఇప్పటికీ చేస్తోంది. మా అత్తగారి చేయి ఆగింది అందుకే గదా. తప్పు మాది, నోట్సు రాసేవాళ్ళది, దాన్ని వల్లెవేసేవాళ్ళది. కవి పెట్టిన ఏడుపుని రెండు మార్కుల ప్రశ్నగా మార్చి, గంగమ్మని కరుణకి ఆలంబనం అని తేల్చి, పుస్తకం మూసేస్తాం. గంగమ్మ ఏం తినేది, నీళ్ళు ఎక్కడ తెచ్చుకునేది, పొరుగామెతో ఏం మాట్లాడేది అని అడగం. అడిగితే కావ్యం చిన్నదవదు. గంగమ్మ పెద్దదవుతుంది. జాలిపడవలసిన మనిషిగానే కాక, ఎంతో తెలిసిన మనిషిగా కనబడుతుంది.

అలాగని చెలిమని ముచ్చటగా చెప్పుకుంటే మా అత్తగారు ఊరుకోరు. నేను ఉత్సాహంగా రాసుకుంటుంటే, "ముచ్చట గాదు పాపా, సావు. మెడ ఇప్పటికీ నొస్తాది" అన్నారు. 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో వందలాది ఊళ్ళకి వచ్చింది. ఆవిడ పుట్టింటి వీధిలో కొళాయి వేసిన రోజున ఆవిడ దానికి పసుపూ కుంకుమా పెట్టి వచ్చారట. చెలిమ పోయినందుకు ఆవిడకి బెంగ లేదు. చెలిమ దగ్గరి వంతు కూడా పోయిందని మాత్రం అన్నారు. "ఇప్పుడు ట్యాంకరు వస్తే బాలింతని ఎవురు సూస్తాండారు?"

నేను శీర్షిక కొట్టేసి, 'పెన్నేటి పాట: గంగమ్మ నీళ్ళు' అని రాశాను. చూసిన మాస్టారు మంచివారే, "బాగుందమ్మా, కాని ఆధార గ్రంథాలేవీ?" అని అడిగారు. "మా అత్తగారండీ" అన్నాను. ఆయన నవ్వి, "ఆవిడ ఏ సంవత్సరం ప్రచురణ?" అన్నారు. నేనూ నవ్వాను. బస్సులో వస్తుంటే ఆ ప్రశ్నకి జవాబు తట్టింది. మా అత్తగారు తేదీలు సంవత్సరాల్లో చెప్పరు. మావారు ఎప్పుడు పుట్టారంటే, "శింగనమల చెరువు మరవ పారిన ఏడు" అంటారు. చెరువు నిండి మరవ పారితే ఊరి ఆడవాళ్ళు వెళ్ళి గంగపూజ చేస్తారు. ఈ ఊళ్ళో అంతకంటే గుర్తుండే తేదీ ఏముంటుంది?

వ్యాసానికి నూటికి యాభై ఎనిమిది వచ్చాయి. కరుణరసం రాసిన మా స్నేహితురాలికి డెబ్బై ఒకటి. మార్కులు చెబితే మా అత్తగారు, "నాకిచ్చిన మార్కులా, నీకా?" అన్నారు. ఇద్దరికీ అన్నాను. "అట్లయితే నాకు తక్కువేసినారు" అన్నారు.

మీ ఇంట్లోనూ ఒక ప్రచురణ ఉండే ఉంటుంది, వరండాలోనో, వంటింటి గడప దగ్గరో. ఒకే ప్రతి. రెండో ముద్రణ ఉండదు. ఈ వారం పత్రిక మూసేశాక ఒక ప్రశ్న అడిగి చూడండి. పెద్ద ప్రశ్నలేం వద్దు, నీళ్ళెక్కడ తెచ్చుకునేవారని అడగండి చాలు. నేను మాత్రం ఒక నోట్‌బుక్కు కొనుక్కున్నాను. చెలిమ దగ్గర పాడిన పాటల్లో నాలుగు ఇప్పటికి దొరికాయి. అయిదోది ఆవిడకి సగమే గుర్తుంది. మిగతా సగం పుట్టింటి ఊళ్ళో ఒక పెద్దావిడకి తెలుసునట. వచ్చే ఆదివారం ఇద్దరం బస్సెక్కుతున్నాం.