నురగకు చారెడు చక్కెర

అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవడానికి దొరికిన వెసులుబాటు బీరుకు దక్కలేదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాకే ఆ ముచ్చట తీరింది. ఇంటి బీరు కాచేవాళ్ల మధ్య ఇప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది: నింపడానికి సీసాలా, కెగ్గు అనే స్టీలు పీపానా?

పులియడం ముగిసిన బీరులో పొంగు ఉండదు. ఈస్టు చక్కెరంతా తినేసి వదిలిన గ్యాసు చాలావరకు బయటికి పోయి ఉంటుంది. అందుకే మళ్లీ కాస్త చక్కెర కలిపి మూత బిగిస్తారు. ఈసారి గ్యాసుకు దారి లేదు, బీరులోనే కరగాలి. దీన్నే ప్రైమింగ్ అంటారు.

ఎంత చక్కెర? లీటరు బీరులో 2.4 లీటర్ల గ్యాసు ఉంటే నాలుక మీద హాయిగా చురుక్కుమంటుంది. లీటరు గ్యాసుకు దాదాపు 4 గ్రాముల చక్కెర కావాలి. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో 0.85 లీటరు ముందే మిగిలి ఉంటుంది కాబట్టి, 19 లీటర్లకు సుమారు 118 గ్రాములు. అదే 10 డిగ్రీల దగ్గర పులిసి, ఆ చల్లదనంలోనే ఉన్నదైతే 90 చాలు. చల్లటి బీరు గ్యాసును ఎక్కువగా పట్టి ఉంచుతుంది మరి. ఈ తేడా మరిచి చెంచాలతో కొలిచేవాళ్ల ఇళ్లలోనే సీసాలు పేలతాయి. పులియడం పూర్తి కాకుండా నింపినా అంతే.

చక్కెరను కాసిని నీళ్లలో మరిగించి, చల్లార్చి, ఖాళీ బకెట్ అడుగున పోస్తారు. దాని మీదికి గొట్టంతో బీరును చప్పుడు కాకుండా దించుతారు. చిందితే గాలి కలుస్తుంది, రుచి చెడుతుంది. ఆ పైన సీసాలకెత్తి, మూతలు నొక్కి, గది వేడిలో రెండు వారాలు ఆగాలి.

కెగ్గుకు చక్కెర సగం చాలని పాత పుస్తకాల మాట. దాన్ని వేదంగా తీసుకోనక్కర్లేదు గానీ, తగ్గించి వేయడం తెలివైన పనే. కెగ్గులో తక్కువైతే సిలిండర్ నుంచి గ్యాసు ఎక్కించవచ్చు, ఎక్కువైతే వాల్వు లాగి వదిలేయవచ్చు. మూత బిగించిన సీసాకు ఆ దిద్దుబాటు లేదు. ఒకప్పుడు కూల్‌డ్రింక్ కంపెనీలు సిరప్ నింపి పంపిన స్టీలు కెగ్గులివి. లోపల ఒత్తిడి లేనిదే మూత సరిగా కూర్చోదు. అందుకని చక్కెర వేసినా ముందొకసారి గ్యాసు కొట్టాల్సిందే.

అసలు చక్కెర ఊసే వద్దనుకుంటే గోలీ సోడా పద్ధతి ఉంది: 4 డిగ్రీల చలిలో 12 పీఎస్ఐ ఒత్తిడి పెడితే వారం పది రోజుల్లో బీరు సిద్ధం. హాప్స్ వాసన కోసమే తాగే ఐపీఏకి నా ఓటు దీనికే. ఆ వాసన నిలవ ఉంటే పోతుంది. బెల్జియం తరహా ఘాటు బీర్లకు మాత్రం సీసాయే. రెండోసారి పులియబెట్టే ఈస్టు, నింపేటప్పుడు చొరబడిన ఆక్సిజన్‌ను కూడా కొంత మింగేస్తుంది. నెలల తరబడి దాచడానికి అది పెద్ద అండ.

కాకపోతే అడుగున మడ్డి పేరుతుంది. మెల్లగా వంచి, చివరి వేలెడు వదిలేస్తారు. జర్మన్ గోధుమ బీరుకు ఆ పట్టింపు లేదు. సీసాను ఓసారి గుండ్రంగా తిప్పి, మడ్డితో సహా గ్లాసులోకి ఒంపేస్తారు.