పాత కారుకు జారుడు ప్లాస్టిక్
1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న టెఫ్లాన్ అద్భుతంగా జారుతుంది. కానీ ఆగకుండా బరువు పడితే మెల్లగా నలిగి పక్కలకు పాకుతుంది. అందుకే ఎక్కడ ఏ ప్లాస్టిక్ నిలుస్తుందో ఎరిగిన మెకానిక్ పనితనం నిజంగా మెచ్చదగింది. పాత అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కనుండే గేరు లింకేజీకి, లేత్ మీద శుభ్రంగా తెగే ఎసిటాల్ అనే ప్లాస్టిక్ బుష్ చక్కగా నప్పుతుంది. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది కాబట్టి దానికి కాస్త వదులు ఉంచాలి. కమాను పట్టీల మధ్య పల్చటి పాలిథిలిన్ పట్టీ పెడితే కిర్రుమనడం తగ్గుతుంది. ఎగ్జాస్ట్ దరిదాపుల్లో మాత్రం ఎసిటాల్ వద్దు, సుమారు 175 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది. బుష్ ఎక్కించేముందు మంచి మెకానిక్ ఇరుసును గోటితో తడుముతాడు. గోరు గీతకు తగిలితే సన్న ఎమరీ కాగితంతో ముందు దాన్ని నున్నచేస్తాడు. గరుకు ఇరుసు మీద ఏ ప్లాస్టిక్కూ ఎక్కువకాలం మన్నదు.