ముదురాకు చెప్పేది, చిగురాకు చెప్పేది

అక్వేరియంలో మొక్క ఎదగడం మానేస్తే ముందుగా ఏ ఆకు పాడైందో చూడాలి. అడుగునున్న ముదురాకా, కొసనున్న చిగురా? నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం మొక్క ఒంట్లో అటూ ఇటూ కదలగలవు. కొరత పడితే మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది కనుక లోపం కింది ఆకుల్లో కనబడుతుంది. ఇనుము, కాల్షియం ఒక ఆకులో చేరాక అంత తేలిగ్గా కదలవు. వాటి లోపం చిగుళ్లలో బయటపడుతుంది. వరిలో కింది ఆకులు పసుపెక్కితే యూరియా వేళయిందని రైతు పోల్చుకునేది కూడా ఈ లెక్క ప్రకారమే.

జావా ఫెర్న్ ముదురాకును వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే పొటాషియం కొరత బాగా తెలుస్తుంది. సూదితో పొడిచినట్టు సన్నని చిల్లులు, వాటి చుట్టూ పసుపో నలుపో అంచు ఉంటాయి. నాలుగు రోజులు పోతే ఆ చిల్లులు పెద్దవవుతాయి. అదే ఆకు వెనుక కనిపించే గోధుమరంగు బొడిపెలు మాత్రం జబ్బు కాదు, అవి సిద్ధబీజాల తిత్తులు. వాటిని తెగులనుకుని మంచి ఆకులు తుంచేసేవారు చాలామంది. నత్రజని తగ్గితే ముదురాకు మొత్తం ఒకే తీరున పసుపెక్కుతుంది. మెగ్నీషియం తగ్గితే ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పాలిపోతుంది. చిగురాకుల్లో ఈ తీరు కనిపిస్తే అది ఇనుము లోపం. చిగుళ్లు మెలితిరిగితే కాల్షియాన్ని అనుమానించాలి.

ఈ గుర్తులు దొరికినా వెంటనే ఎరువు పోయకూడదు, ముందు కార్బన్ డయాక్సైడ్, వెలుతురు సరిపడా ఉన్నాయో లేదో చూడాలి. గాలి నుంచి నీటిలో కరిగే కార్బన్ డయాక్సైడ్ లీటరుకు అర మిల్లీగ్రాము చుట్టుపక్కల మాత్రమే. సిలిండర్‌తో గ్యాస్ ఇచ్చేవారు దాన్ని 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా తెస్తారు. గ్యాస్ లేని తొట్టిపై బలమైన దీపం పెడితే మొక్క ఆకలి పెరుగుతుంది, తిండి పెరగదు. ఆ సందులో నాచు కమ్మేస్తుంది. అలాంటి తొట్టికి మధ్యస్థమైన వెలుతురు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు.

నీటిలోపల అడవిని పెంచే ఈ విద్యకు ప్రపంచమంతటా పేరు తెచ్చినవాడు జపాన్‌లోని నీగాతలో 1954లో పుట్టిన తకాషి అమానో. 2015లో మరణించే ముందు ఆయన లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటితో ఒక జలవనాన్ని తీర్చిదిద్దాడు. ఎంత పెద్ద తొట్టెకైనా పోషణ సూత్రం మారదు: మిగతావన్నీ పుష్కలంగా ఉన్నా, కొరతగా ఉన్న ఒక్క పోషకమే ఎదుగుదలను ఆపేస్తుంది.

చేపల మేత, విసర్జనల వల్ల నత్రజని, భాస్వరం ఎలాగూ చేరతాయి. పొటాషియం అంతగా చేరదు. అందుకే చేపలు నిండుగా ఉన్న తొట్టిలో కూడా ఆకులకు చిల్లులు పడతాయి. అక్కడ పొటాషియం సల్ఫేట్ సరిపోతుంది. చేపలు తక్కువై నత్రజని కూడా కావాలంటే పొటాషియం నైట్రేట్, అంటే సురేకారం వాడతారు. 100 లీటర్లలో ఒక గ్రాము కరిగిస్తే లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాముల నైట్రేట్, 4 మిల్లీగ్రాముల పొటాషియం చేరతాయి. పొలంలో చల్లే యూరియాను మాత్రం తొట్టిలో వేయకూడదు. అది అమ్మోనియాగా మారి చేపల ప్రాణం తీయవచ్చు.

ఇనుము విషయంలో నీటిని బట్టి నడవాలి. తెలుగునాట చాలా ఊళ్లలో బోరు నీళ్లు సున్నం నిండినవి, క్షారగుణం ఉన్నవి. పీహెచ్ 7 దాటిన నీటిలో ఈడీటీఏ అనే రసాయనంతో కట్టిన ఇనుము ఎక్కువసేపు నిలవదు, తుప్పులా విడిపోతుంది. డీటీపీఏతో కట్టినది సుమారు 7.5 వరకు తట్టుకుంటుంది. సీసా మీద ఈ పేరు చదవకుండా ఇనుము పోస్తూపోతే డబ్బు నీళ్లపాలే. క్రిప్టోకోరిన్, అమెజాన్ స్వోర్డ్ వంటివి వేళ్లతో బాగా తింటాయి కనుక వాటి మొదట్లో ఎరువు బిళ్ల గుచ్చాలి. జావా ఫెర్న్, అనుబియాస్ దుంపకాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. వాటిని రాతికో కర్రకో కట్టాలి.

కొత్తగా కొన్న మొక్క కరిగిపోతుంటే చాలాసార్లు అది ఆకలి వల్ల కాదు. నర్సరీల్లో ఎన్నో రకాలను నీటిపైన పెంచుతారు. మునిగాక ఆ పాత ఆకులు రాలి, నీటికి తగ్గ పల్చని ఆకులు వస్తాయి. అప్పటిదాకా దుంపను కదపకూడదు.

మోతాదు మార్చాక రెండు వారాలు ఆగి, కొత్తగా వచ్చిన ఆకులనే చూడాలి. ముదురాకులో పడ్డ చిల్లు మళ్లీ పూడదు. దాన్ని మొదలంటా కత్తిరించి తీసేయాలి.