చేన్లో మంద పడుకున్న రాత్రి

వేరుశనగ పీకేసినాక, మళ్ళీ దుక్కి దున్నే లోపల, ఎండాకాలంలో కొన్ని రాత్రులుండేవి. ఆ రాత్రుల్లో పుంగనూరు పక్క మా చేను మాది కాదు, జీవాలది. మా వైపు గొర్రెల్ని, మేకల్ని కలిపి జీవాలనే అంటారు. పొద్దుగూకే వేళకు జీవాలు కాసే కురబాయన మందతో గట్టు దిగేవాడు. తడికలు నిలబెట్టి, వల చుట్టి, జీవాలను లోపలికి తోలేవాడు. మా అవ్వ రాగి సంగటి ముద్దలు, ఊరుబిండి, ఒక సట్టి నిండా ఉలవచారు పంపేది. సట్టి మోసుకుపోవడం నా పని. పోయినవాణ్ణి తొందరగా తిరిగొచ్చేవాణ్ణి కాదు.

మంద కట్టడం చూడ్డానికి సులువు. ఒకచోట గొర్రెల్ని పడుకోబెట్టడమే కదా అనిపిస్తుంది. కురబాయన మాత్రం ముందు చేను నాలుగు మూలలా నడిచి, వాలు ఎటుందో చూసేవాడు. మిట్టనుంచి మొదలుపెడితే వానకు సారం పల్లానికి తనంతట దిగుతుంది. ఈ రాత్రి ఇక్కడైతే రేపు రాత్రి తడికల్ని పక్కకు జరిపేవాడు. అలా చేనంతా తిరిగి వచ్చేదాకా మంద మాదే. తెల్లవారుజామున వెంటనే వదలడు. జీవాల్ని లేపి, కాసేపు అక్కడే నిలబెడతాడు. లేచిన జీవం మొదట చేసే పని మూత్రం పోయడమే. అది దారిలో పోతే ఎవరికి లాభం? చేన్లో పడితే ఎరువు. ఎండెక్కితే సత్తువంతా గాలిలో కలుస్తుందని తాత పొద్దున్నే పైపైన దున్నించేవాడు. ఆ మాట రసాయనశాస్త్రం చెప్పేదే. మూత్రంలోని నత్రజని అమ్మోనియాగా మారి ఎగిరిపోతుంది, మట్టి కప్పితే నిలుస్తుంది.

దీనికి ఇంత రాగులనో, ఇంత డబ్బనో ఒప్పందం, రాత్రి కూడు ఎటూ తప్పదు. కాగితం లేదు. ఏటా అదే మంద, అదే చేను. మా తాతకు, ఆయనకు మధ్య ఉన్నది ఆ మాట ఒక్కటే.

పశ్చిమాఫ్రికాలో ఫులానీలనే పశుకాపరులున్నారు. సెనెగల్ నుంచి కామెరూన్ దాకా పరుచుకున్న జనం. వాళ్ళ గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. కోత అయ్యాక రైతు పిలిస్తే ఫులానీ తన ఆవుల మందను ఆ చేన్లో రాత్రిళ్ళు నిలుపుతాడు. పేడ రైతుకి, మేత మందకి, ధాన్యం కాపరికి. ఇది చదవగానే నా చేతిలో సట్టి బరువు తెలిసింది. వాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. మంద ఎక్కడుంటే అక్కడే నమాజు. అయినా పాత కథ ఒకటి వదల్లేదు. మొదటి ఆవులు నీళ్ళలోంచి, ఒక మహాసర్పం ఇచ్చిన వరంగా వచ్చాయని చెప్పుకుంటారు. మన కురబల కథలో పద్మన్న అనే పూర్వీకుడు నాగలి పట్టుకొని పోతుంటే పుట్టలోంచి జీవాలు పుట్టుకొచ్చాయి. అక్కడ పాము ఉన్న నీరు, ఇక్కడ పాము ఉండే పుట్ట. కాపరి సొత్తు కొన్నది కాదు, దేవుడు అప్పగించింది అని ఇద్దరూ అనుకున్నారు. అందుకే కావచ్చు, కురబాయన ఏ జీవాన్నీ ‘నాది’ అనగా నేను వినలేదు. ‘మన మంద’ అనేవాడు.

పెళ్ళిలో చేతికి కట్టే కంకణం కొందరు కురబలకు ఉన్నిది, కొందరికి నూలుది. పూజకు పీట కంబళే. వాళ్ళ దేవుడు బీరప్ప పరసలో తలమీద కొబ్బరికాయ కొట్టించుకునే మొక్కు చూసి చిన్నప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, కొట్టించుకున్నవాళ్ళ ముఖాల్లోని నిబ్బరమే గుర్తొస్తుంది. ఫులానీలు తమ నడతకు ‘పులాకు’ అని పేరు పెట్టుకున్నారు. ఓర్పు, సిగ్గు, తెలివిడి దానికి పునాదులు. కురబాయనకు ఆ మాట తెలియదు గానీ, ఆకలేస్తుందని నోరు తెరిచి అడగని మనిషి ఆయన. సట్టి ఆలస్యమైతే మంద చుట్టూ ఇంకో చుట్టు తిరిగేవాడు, అంతే.

కంబళి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నల్ల ఉన్ని జీవాల బొచ్చు కత్తిరించి, వడికి, గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పెడితే వానలో కూడా నీరు తొందరగా దిగని కంబళి అవుతుంది. కర్ణాటకలో చళ్ళకెర ఇప్పటికీ దానికి పేరు. మా వైపు మాంసానికి బరువు తూగే, ఉన్ని లేని నెల్లూరు జాతి నిండిపోయింది. కాపరి భుజం మీద ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కనిపిస్తోంది. ఆ మార్పును నేను తప్పుపట్టను, మాంసం ధరే వాళ్ళ బతుకు. కానీ కంబళి పోయిందంటే నాకు బాధగానే ఉంది.

చేను మారింది. మదనపల్లె చుట్టూ టమోటా ఏడాది పొడుగునా ఉంటుంది. డ్రిప్పు పైపులు, మల్చింగ్ షీటు, కట్టెలకు కట్టిన తీగలు. మంద దిగడానికి కాలం లేదు, చోటు లేదు. ధర పడిపోయినప్పుడు మాత్రం కోత కూలీ కూడా గిట్టదని రైతు తోటలోకి జీవాల్ని తోలమంటాడు. రెండు రోజుల కింద కొట్టిన మందు ఆకుమీదే ఉంటుంది. అప్పుడైనా పిలిచారని కాపరి తోలుకుపోతే, మందలో ఏది నురగ కక్కుతుందోనని రాత్రంతా కాపలా. ఆ పిలుపుకీ, మా తాత పిలుపుకీ పోలిక లేదు. ఊరిపక్క బీళ్ళు లేఔట్లయ్యాయి. కుప్పం, పలమనేరు వైపు అడవిలో 1990లో కౌండిన్య అభయారణ్యం వచ్చింది. ఏనుగుల భయం అక్కడ ఏటా ఉన్నదే.

కుప్పం దగ్గర రోడ్డు పక్కన మందతో నిలబడిన ఒకాయన్ను పలకరించాను. ఒక పక్క కృష్ణగిరి, ఇంకో పక్క కోలారు, మూడు భాషలూ ఆయనకు ఇంటి భాషలే.

‘‘ఎటు పోతాండారన్నా?’’

‘‘యాడికని పోయేది సామీ. ఎటు జూసినా కంచే ఉండాది. నిలబడితే ఎందుకు నిలబడినావంటారు.’’

మా పుంగనూరు ఆవుకు ఇప్పుడు దేశమంతా పేరొచ్చింది. చిన్న ఆవు, చిక్కటి పాలు, నగరాల్లో ఇంటి ముంగిట నిలబడే అందం. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఆ జాతిని నిలపడానికి పాటుపడింది, అది సంతోషించాల్సిన పనే. కానీ ఎండుగడ్డితో బతికే ఆ ఓపికను ఆ ఆవుకు నేర్పింది ఈ మెట్ట బీళ్ళే. జాతిని కాపాడుతూ బీడును అమ్ముకుంటే కాపాడినట్టెలా అవుతుంది?

నైజీరియాలో, మాలీలో రైతుకూ కాపరికీ మధ్య మాట తెగి, నెత్తురు కారింది. ఊళ్ళు కాలాయి. అదే మాలీలో, డియాఫరాబే దగ్గర, ఏటా ఫులానీల మందలు నైజర్ నది ఈదుతాయి. ఒడ్డున కొత్త బట్టలతో ఊరంతా నిలబడి ఎదురుచూస్తుంది. యునెస్కో 2005లో ఆ సంబరాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. 2026ను ఐక్యరాజ్యసమితి పచ్చికబయళ్ళ, పశుపాలకుల సంవత్సరంగా ప్రకటించింది. ఇక్కడ మా దగ్గర నెత్తురేమీ కారలేదు. పిలవడం మానేశాం, అంతే. యూరియా బస్తా కోసం వరసలో నిలబడే రైతును చూసినప్పుడల్లా, ఆ పిలుపు మానుకున్నది మనమేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తాత చేన్లో నా వంతుకు మిగిలింది రెండెకరాలు. నాలుగేళ్ళుగా కౌలుకిచ్చి టమోటానే పెట్టించాను. ఈసారి పంట తీసేశాక కౌలు ఆపేశాను. పైపులు చుట్టి పక్కన పెట్టించి, కురబాయన కొడుక్కి ఫోన్ చేశాను. మంద మా చేన్లోకి తోలమన్నాను.

చాలాసేపు మాట రాలేదు. వెనక జీవాల అరుపులు వినిపిస్తున్నాయి.

‘‘ఎన్ని రాత్రులు సామీ?’’ అన్నాడు.