నిప్పు తెలిసిన చేతులు

బండి పొద్దున్నే కదలాలంటే నిప్పు రాత్రే రాజెయ్యాలి. ఆవిరి ఇంజన్ దగ్గర మొదటి పాఠం ఇదే. చల్లారిన బాయిలర్‌కి ఒక్కసారిగా పెద్ద మంట పెడితే ఇనుము ఒకచోట ఎక్కువా ఇంకోచోట తక్కువా సాగుతుంది. గొట్టాల మొదళ్ల దగ్గర నీరు కారడం మొదలవుతుంది. అందుకని ముందు నూనె గుడ్డలు, పుల్లలు, ఆపైన కొద్దికొద్దిగా బొగ్గు. నీళ్లు వెచ్చబడాలి, కాగాలి, ఆవిరి కట్టాలి, మీటరులో ముల్లు సున్నా దగ్గర్నుంచి మెల్లగా లేవాలి. ఆ గంటల్లోనే కింద దూరి బూడిద లాగాలి, చక్రాల కడ్డీల కీళ్లన్నిటికీ చమురు పోయాలి, నీళ్ల తొట్టి నింపాలి. ప్రయాణికులు స్టేషన్‌కొచ్చి కూత వినేసరికి ఇంజన్ మనుషుల సగం పని అయిపోయి ఉండేది.

మా శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి పక్కనున్న నౌపడలో ఈ పని దాదాపు తొంభై ఏళ్లు సాగింది. పర్లాకిమిడి మహారాజు గౌరచంద్ర గజపతి తన రాజధానిని మద్రాసు–కలకత్తా పెద్ద లైనుతో కలపాలనుకున్నారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి నలభై కిలోమీటర్ల చిన్న లైను వేయించారు. 1900లో దాని మీద బండి తిరగడం మొదలైంది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. ఎడం తగ్గితే కట్ట సన్నంగా పోస్తే సరిపోతుంది, పట్టాలు తేలికైనవి చాలు, మలుపులు దగ్గర దగ్గరగా తిప్పుకోవచ్చు. ఒక జమీందారీ మోయగలిగిన ఖర్చు అది. 1929, 1931 సంవత్సరాల్లో దాన్ని రెండు విడతలుగా వంశధార లోయ వెంట గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం తొంభై కిలోమీటర్లు.

నౌపడలో ఉప్పు మడులు దాటగానే ఆ దారి పడమటికి, కొండల వైపుకి తిరుగుతుంది. టెక్కలి, పెద్దసాన, టెంబూరు, పాతపట్నం. తాటితోపులు పలచబడి జీడితోటలు మొదలవుతాయి. ఉత్తరాన 1,501 మీటర్ల మహేంద్రగిరి మబ్బు పట్టిన రోజు ఒక రకంగా, ఎండ కాసిన రోజు ఒక రకంగా కనబడుతుంది. పాతపట్నం దాటితే మహేంద్రతనయ, ఆ ఒడ్డున పర్లాకిమిడి. అక్కణ్ణుంచి కాశీనగరం మీదుగా గుణుపురం దాకా రెండు పక్కలా సవర గిరిజనుల కొండలు. చిన్నప్పుడు మా నాయనమ్మతో పాతపట్నం నీలమణి దుర్గమ్మని చూడడానికి ఈ బండిలో వెళ్లేవాణ్ణి. చెక్క బల్లల మీద చింతపండు బుట్టలూ పసుపు మూటలూ మనుషులూ కలిసి కూర్చునేవారు. కిటికీలోంచి తల బయట పెడితే కంట్లో బొగ్గు నలుసు పడేది. నాయనమ్మ చీర చెంగు ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి కంటికి అద్దేది.

అప్పుడు ఆ బండిని నడిపేవాళ్లు ఏం చేస్తున్నారో చూడాలని నాకు తోచలేదు. పెద్దయ్యాక, నౌపడ ఇంజన్ షెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర కూర్చుని విన్నాను. బొగ్గు వేయడం బలం పని అనుకుని ఆయన్ని దాని గురించే అడిగాను. ఆయన చెప్పింది ఇది: “బొగ్గు ఎవుడైనా యేస్తాడు బాబూ. ఎప్పుడు యెయ్యకూడదో తెలడానికే యేళ్లు పడతాది.”

ఆ మాటకి అర్థం ఆయన చేతులతో చూపించాడు. పారతో బొగ్గు గుట్టగా పోస్తే మంట ఆరుతుంది. పలచగా, మూలలకి ఒకసారి, వెనక్కి ఒకసారి, మణికట్టు తిప్పుతూ విసరాలి. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే చల్లగాలి దూరి గొట్టాలు దెబ్బతింటాయి. పొగగొట్టం కొస మీద ఎప్పుడూ ఓ కన్నుండాలి. నల్లటి పొగ వస్తోందంటే బొగ్గు ఎక్కువైంది, గాలి చాలట్లేదు. అసలు పొగే కనబడకపోతే మంట పలచబడి గాలి ఎక్కువ పోతోంది. లేత బూడిదరంగు పొగ వస్తుంటే నిప్పు సరిగ్గా ఉన్నట్టు. కట్టెల పొయ్యి మీద పెళ్లి వంట దింపే మనిషి మంట రంగు చూసి కట్టె ఎగదోస్తాడే, అలాంటి తెలివిడి ఇది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ తర్వాత చెప్పిన సంగతి. ఫైర్‌మన్‌కి నిప్పుతో పాటు దారి కూడా తెలియాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆవిరి ఎక్కువ కావాలి. కానీ ఎత్తు మీదకొచ్చాక బొగ్గు వేస్తే ఆలస్యమైపోతుంది. కొత్త బొగ్గు ముందు నిప్పుని చల్లబరిచి తర్వాత అంటుకుంటుంది. అందుకని ఎత్తు ఇంకా కనబడకముందే నిప్పు సిద్ధం చేసుకోవాలి. నీళ్ల సంగతీ అంతే. ఇంజన్ ముక్కు పైకెత్తి ఎక్కుతుంటే బాయిలర్‌లో నీళ్లు వెనక్కి పోతాయి, గాజు గొట్టంలో మట్టం ఎక్కువగా కనబడుతుంది. గుట్ట దాటి ముక్కు కిందికి వాలగానే నీళ్లన్నీ ముందుకి పోతాయి. అప్పుడు నిప్పు పెట్టె పైకప్పు మీద నీరు లేకపోతే ఆ రేకు కాలి మెత్తబడుతుంది, బాయిలర్ పేలొచ్చు. ఆ కప్పులో సీసం నింపిన బిరడా ఒకటి ఉంటుంది. నీరు తగ్గితే అది కరిగి, ఆవిరి నిప్పు మీద పడి హెచ్చరిస్తుంది. ఆ బిరడా కరగడం ఫైర్‌మన్‌కి పరువు తక్కువ. కాబట్టి ముందు వచ్చే గుట్ట ఎంత ఎత్తో, దాని అవతల ఎంత వాలో వాళ్లకి నోటికొచ్చి ఉండాలి. వాన పడితే ఏ మలుపులో పట్టా మీద చక్రం జారుతుందో, అక్కడ ఎంత ఇసక వదలాలో తెలియాలి. రాత్రి, చీకట్లో, చెవితో.

ఆవిరి బండి మీద నాకు ఇంత ప్రేమ ఎందుకో అక్కడ అర్థమైంది. పొగా కూతా అందంగానే ఉంటాయి. కానీ ఆ బండి కదలడానికి ఇద్దరు మనుషులు ఆ నేలని వొంట పట్టించుకుని ఉండాలి. టెక్కలి నుంచి గుణుపురం దాకా ఉన్న ప్రతి ఎత్తూ ప్రతి పల్లమూ వాళ్ల భుజాలకి తెలుసు. కొండల మధ్య ప్రయాణం మనకి కిటికీలోంచి కనబడే దృశ్యం. వాళ్లకి అది పారెడు బొగ్గులో, గాజు గొట్టంలో నీటి మట్టంలో కొలత.

అలాంటి తెలివి పుస్తకంలోంచి రాదు. ఈ మాట అనేటప్పుడు నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో మాస్టారుగా చేరారు. పొగబండి ఆ ఊరికొచ్చినప్పుడు ఆయన అక్కడే పాఠాలు చెబుతున్నారు. అప్పటికే ఆయన సవర భాష వెంట పడ్డారు. ఆ భాషకి పుస్తకం లేదు, లిపి లేదు. మాట్లాడేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లతో కొండలెక్కి, జ్వరాలు పడి, ఆ జ్వరాలకి వేసుకున్న క్వినైన్‌తో చెవులు పోగొట్టుకుని నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. సవరలు ఉండగానే, వాళ్లు మాట్లాడుతుండగానే ఆయన వెళ్లి కూర్చున్నారు కాబట్టి ఆ పుస్తకాలు వచ్చాయి. ఒక పని గానీ ఒక భాష గానీ బతికున్న మనిషి దగ్గరే ఉంటుంది. మనం చేయాల్సింది సమయానికి వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చోవడం.

నౌపడ లైనులో తొంభైల తొలినాళ్లలో ఆవిరి పోయి డీజిల్ వచ్చింది. 2004 జూన్‌లో చిన్న లైను మూసి పట్టాలు పీకారు. 2011కల్లా బ్రాడ్‌గేజ్ మీద గుణుపురం దాకా పెద్ద బండ్లు తిరిగాయి. దీన్ని నేను తప్పుపట్టను. చిన్న బండిలో వచ్చిన ప్రతి బస్తా నౌపడలో దింపి పెద్ద బండికి ఎక్కించాల్సి వచ్చేది. జబ్బు మనిషినీ అలాగే దింపి ఎక్కించాలి. ఇప్పుడు గుణుపురంలో ఎక్కినవాళ్లు నేరుగా పట్నాలకి చేరుతున్నారు. ఆ సౌకర్యం వాళ్లకి ఎప్పుడో రావాల్సింది. నా బాధ వేరే. పాత ఇంజన్లకి రంగులేసి గద్దెల మీద నిలబెట్టాం. వాటిని నడిపిన చేతుల్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకోలా జరగవచ్చని నేను కళ్లారా చూశాను. మెల్బోర్న్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, అక్కడి తెలుగు కుటుంబాలన్నీ ఒకసారైనా వెళ్లే పఫింగ్ బిల్లీ బండి ఎక్కించింది. ఊరి చివర డాండెనాంగ్ కొండల్లో, ఆకాశాన్నంటే యూకలిప్టస్ చెట్ల మధ్య, బెల్‌గ్రేవ్ నుంచి జెంబ్రూక్ దాకా పాతిక కిలోమీటర్ల లైను. బల్లల మీద కూర్చుని కాళ్లు బయటికి వేలాడేసుకుని జనం అడవి చూస్తున్నారు. దాని గేజ్ రెండున్నర అడుగులు. మొదలైంది 1900లో. మా నౌపడ లైను కొలతే, మా నౌపడ లైను పుట్టిన ఏడే.

1953లో అక్కడ కొండచరియ విరిగి పట్టాలు పూడిపోయాయి. నష్టాల్లో ఉన్న లైను కదా అని ప్రభుత్వం మూసేసింది. 1955లో జనం సంఘం పెట్టుకున్నారు. సెలవు రోజుల్లో మట్టి ఎత్తారు, పట్టాలు సరిచేశారు. 1962లో కొంత దూరం, 1965లో ఎమరాల్డ్, 1975లో లేక్‌సైడ్, చివరికి 1998లో జెంబ్రూక్. సంఘం పుట్టిన నలభై మూడేళ్లకి చివరి స్టేషన్ చేరారు. ఈనాటికీ ఆ బండి దగ్గర పనిచేసేవాళ్లలో ఎక్కువమంది జీతం తీసుకోని వాళ్లే. ముందు ఇంజన్ తుడవాలి, తర్వాత ఫైర్‌మన్, ఏళ్లు గడిచాక డ్రైవర్. ఆ రోజు ఇంజన్ మీద చేతులకి మసి పూసుకుని ఓ కుర్రది బొగ్గు వేస్తోంది. పక్కన నెరిసిన జుట్టు డ్రైవర్ ఏమీ మాట్లాడకుండా పొగగొట్టం వైపు వేలు చూపించాడు. ఆ పిల్ల తలెత్తి పొగ రంగు చూసి, పార కింద పెట్టింది. ఎప్పుడు వెయ్యకూడదో నేర్చుకుంటోందన్నమాట. మా నౌపడ పెద్దాయన పక్కన అలా నిలబడ్డ పిల్ల ఒక్కతీ లేదే అని నాకు గుండె బరువెక్కింది.

మన దేశంలోనూ ఈ పని పూర్తిగా పోలేదు. నీలగిరిలో మెట్టుపాళయం నుంచి కూనూరుకి 1899లో వేసిన పళ్ల పట్టాల లైను మీద ఆవిరి బండి ఇప్పటికీ కొండ ఎక్కుతోంది. దాని కోసం తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఈ శతాబ్దంలోనే కొత్త ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. డార్జిలింగ్ బండి 1999లో, నీలగిరి బండి 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. హర్యానాలో రేవాడి షెడ్డు బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్లని నిప్పు మీద ఉంచుతోంది. అంటే ఇంజన్లున్నాయి, షెడ్లున్నాయి, నేర్పగలిగినవాళ్లు ఇంకా కొందరున్నారు.

మన దగ్గర దారులూ ఉన్నాయి. విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా తూర్పుకనుమల్లోకి దూరి రాయపూర్ దాకా వెళ్లే లైను 1930ల తొలినాళ్లలో పూర్తయింది. విశాఖ రేవుకి లోపలి దేశపు సరుకు తేవడానికి కొండలు తొలిచి వేసిన దారి అది. బొబ్బిలి నుంచి సాలూరు కొండల కిందికి చిన్న శాఖ ఉంది, ఏళ్ల తరబడి ఒంటి పెట్టె రైలుబస్సు తిరిగిన లైను. చలికాలంలో ఏడాదికి ఒక్క ఆదివారం రేవాడి ఇంజన్ని తెప్పించి ఈ దారిలో నడిపితే చాలు. టిక్కెట్టు కొన్నవాళ్లు పొద్దున్న బయల్దేరి కొండలు చూసి సాయంత్రానికి ఇంటికొస్తారు. అంతకన్నా ముఖ్యం, ఆ ముందు రాత్రి నిప్పు రాజేసేటప్పుడు మన జిల్లాల ఐటీఐ పిల్లలు పక్కనుండాలి. రిటైరైన డ్రైవర్లనీ ఫైర్‌మన్లనీ పిలిచి వాళ్ల పక్కన నిలబెట్టాలి. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊకతో బాయిలర్లు మండుతూనే ఉన్నాయి కాబట్టి ఆ పిల్లలకి ఈ చదువు వృథా కూడా పోదు.

రైల్వే ఆ పని చేసేదాకా ఆగక్కర్లేని పని ఒకటి మన చేతుల్లో ఉంది. ఆవిరి పోయి ముప్పై ఏళ్లు దాటింది. అప్పుడు పాతికేళ్లున్న ఫైర్‌మన్‌కి ఇప్పుడు అరవై ఏళ్ల దగ్గర ఉంటాయి. మిగిలిన డ్రైవర్లు ఎనభైల్లో ఉన్నారు. నౌపడలో, టెక్కలిలో, పర్లాకిమిడిలో, బొబ్బిలిలో, విజయనగరంలో మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటి తాతగారుంటే ఈ వారమే వెళ్లండి. ఫోన్లో రికార్డు పెట్టి అడగండి: ఏ ఎత్తు ముందు ఎన్ని పారల బొగ్గు వేసేవారు? వానలో ఎక్కడ చక్రం జారేది? నీళ్లు పట్టుకోవడానికి ఎక్కడ ఆగేవారు? పొగ ఏ రంగులో ఉంటే మీకు నిశ్చింత? ఈ పని మీకు నేర్పింది ఎవరు? ఆయన నోటితో చెప్పలేకపోతే చేతులతో చూపించమనండి. అది వీడియో తీయండి. రేపు ఎవరైనా ఇక్కడ మళ్లీ నిప్పు రాజెయ్యాలనుకుంటే వాళ్లకి మొదట కావలసింది అదే.