కౌమారుల దిగులు, ప్రశ్నావళి తెలుగు: పట్టణ, గ్రామీణ పోలికపై ఒక విమర్శ

పట్టణ, గ్రామీణ పాఠశాలల కౌమారుల్లో మనోసామాజిక సమస్యలను పోల్చే అధ్యయనాలు ఎక్కువగా ప్రశ్నావళిపై ఆధారపడతాయి. విద్యార్థి కొన్ని వాక్యాలు చదివి, అవి తనకు ఎంతవరకు వర్తిస్తాయో గుర్తిస్తాడు. ఆ గుర్తుల మొత్తమే సమస్య తీవ్రతకు కొలత అవుతుంది. ఆ వాక్యాలు ఏ తెలుగులో ఉన్నాయన్నది మాత్రం చిన్న విషయంగా మిగిలిపోతోంది. నా దృష్టిలో పోలిక దెబ్బతినేది అక్కడే.

ఆంగ్ల మూలాన్ని తెలుగు చేసేటప్పుడు ఆందోళన, కుంగుబాటు, ఆత్మన్యూనత వంటి పదాలు సులువుగా వచ్చి చేరతాయి. ఇవి పత్రికల, పాఠ్యపుస్తకాల మాటలు. తెలంగాణ పల్లెలో ఎనిమిదో తరగతి పిల్లవాడికి భయం ‘బుగులు’. మనసును తొలిచే చింత ‘రంది’. ‘కుంగుబాటు’ అంటే ఏమిటని ఒక తరగతిలో అడిగితే, వానకు గోడ కుంగడమని ఒక బాలుడు చెప్పాడు. అతని తెలుగులో తప్పేమీ లేదు. కోస్తాలో హాస్టలుకు వెళ్లిన పిల్ల ‘బెంగ పెట్టుకుంది’ అంటారు. బెంగ ఒట్టి విచారం కాదు. ఇంటి కోసం, దూరమైన మనిషి కోసం కలిగేది, జ్వరంగా కూడా బయటపడేది. దాన్ని ‘ఆందోళన’గా మార్చగానే ఎవరికి దూరమైందన్న సంగతి జారిపోతుంది.

రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రకటించిన 25 అంశాల ప్రశ్నావళి తలనొప్పిని, కడుపునొప్పిని ఉద్వేగ లక్షణాల్లో చేర్చింది. అన్నం సయించకపోవడంతోనే దిగులును చెప్పుకునే మనవాళ్లకు అది తగిన ఏర్పాటే. అయితే ఖాళీ కడుపుతో బడికి వచ్చిన పిల్లకూ కడుపునొప్పి వస్తుంది. తెలుగు పాఠాన్ని తిరిగి ఆంగ్లంలోకి మార్చి సరిచూసే ఆనవాయితీ అనువాదకుల ఏకాభిప్రాయాన్ని చూపగలదే గాని పిల్లల అవగాహనను కాదు. ప్రతి వాక్యాన్నీ ముందుగా రెండు ప్రాంతాల పిల్లల చేత వారి మాటల్లో చెప్పించి చూడాలి.

ఇక ‘గ్రామీణ’ అన్న విభజన. పురపాలక ప్రతిపత్తి లేని ఊరిని పట్టణంగా లెక్కించడానికి 2011 జనగణన కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 జనసాంద్రత, పురుష ప్రధాన శ్రామికుల్లో 75 శాతం మందికి వ్యవసాయేతర వృత్తి ఉండాలంది. ఊరికి ఈ కొలత సరిపోవచ్చు. పాలమూరు పల్లెలో పుట్టి, హైదరాబాదు గురుకులంలో చదివే బాలిక మాటేమిటి? బడి చిరునామా ప్రకారం ఆమె పట్టణ విద్యార్థిని. అమ్మానాన్నలు వలస పోతే, సెలవుల్లో పల్లెలో ఆమెకు ఎదురుచూసేది అవ్వ. పుట్టిన ఊరు, ఉంటున్న చోటు, పెంచుతున్న మనిషి అన్న మూడింటినీ విడిగా నమోదు చేయకపోతే, ఈమె బెంగ కూడా పట్టణ విద్యార్థుల ఒత్తిడి లెక్కలోనే చేరుతుంది.