ఒక్కరికే అబద్ధమాడే హక్కు

రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలంలో ఇంగ్లండ్ ఇళ్లలో విందులప్పుడు ‘చీకట్లో హత్య’ అనే ఆట ఆడేవారు. పేకముక్కలు పంచుతారు. ఒకరికి హంతకుడి ముక్క, ఇంకొకరికి డిటెక్టివ్ ముక్క వస్తుంది. దీపాలు ఆర్పేస్తారు. చీకట్లో హంతకుడు ఎవరి భుజాన్నో తాకుతాడు. వాళ్లు కేకవేసి కూలబడతారు. దీపాలు వెలిగాక డిటెక్టివ్ ఒక్కొక్కరినీ ప్రశ్నలడుగుతాడు. అందరూ నిజమే చెప్పాలి. హంతకుడొక్కడికే అబద్ధమాడే హక్కు.

అతిథులే పాత్రలై హంతకుడిని కనిపెట్టే ఇవాళ్టి మర్డర్ మిస్టరీ పార్టీకి పునాది ఈ నియమమే. మన పిల్లలాడే రాముడు–సీత చీటీలాటలోనూ రహస్యం చీటీలో దాగి ఉంటుంది. రాముడి చీటీ వచ్చినవారు తోటివారి ముఖాలు చూసి సీత ఎవరో పట్టుకోవాలి. అక్కడ ఆధారం ముఖం, ఇక్కడ మాట. ఎవరేమన్నారు, ఎవరు ఏది చెప్పకుండా దాటేశారు, ఎవరి మాటకూ ఎవరి మాటకూ పొంతన కుదరలేదు... రాత్రంతా ఇదే వెతుకులాట.

ఈ ఆట మీద నేరకథల రచయితల కన్ను త్వరగానే పడింది. న్యూజిలాండ్ రచయిత్రి నాయో మార్ష్ 1934లో వెలువరించిన తొలి నవలలో, ఒక పల్లె బంగళాకు వచ్చిన అతిథులు హత్య ఆట ఆడుకుంటూ ఉండగా వారిలో ఒకరు నిజంగానే హత్యకు గురవుతారు. ఆగథా క్రిస్టీ 1950 నాటి నవలలో, ఫలానా ఇంట్లో ఫలానా వేళకు హత్య జరగబోతోందని స్థానిక పత్రికలో ప్రకటన వస్తుంది. ఇరుగుపొరుగు దాన్ని ఆటకు పిలుపనుకుని సరదాగా వెళ్తారు. ఆనాటి పాఠకులకు ఈ ఆట అంత బాగా తెలుసు.

బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆంథనీ ప్రాట్ హోటళ్లలో, పెద్ద బంగళాల్లో పియానో వాయించేవాడు. అక్కడి అతిథులు ఈ ఆట ఆడటం కళ్లారా చూశాడు. యుద్ధమొచ్చి, ఊళ్లలో రాత్రిళ్లు దీపాలు పెట్టకూడదన్న ఆంక్షలొచ్చి, ఆ విందులన్నీ ఆగిపోయాయి. పోయిన సరదాను బల్లమీదికి తెద్దామనుకున్నాడు. 1944లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, భార్య ఎల్వా బోర్డు బొమ్మ గీసింది. యుద్ధం తర్వాతి కొరతలవల్ల ఆలస్యమై, 1949లో వాడింగ్టన్స్ కంపెనీ ‘క్లూడో’ పేరుతో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అందులో ఆరుగురు అనుమానితులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు, మొత్తం 21 ముక్కలు. హంతకుడు, ఆయుధం, గది ఏవో చెప్పే మూడు ముక్కలు రహస్యంగా కవరులోకి పోతాయి, మిగతా 18 ఆటగాళ్ల చేతుల్లోకి చేరతాయి. నిజం అందరి చేతుల్లోనూ ముక్కలు ముక్కలుగా ఉంటుంది గానీ ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా ఉండదు. ప్రాట్ ప్రతిభ అంతా ఈ పంపకంలో ఉంది.

పార్టీ నడిపే ఇంటివారి పనీ ఇదే. కాకపోతే ముక్కలకు బదులు మనుషులకు జ్ఞాపకాలు పంచాలి. అలంకరణ, వేషాలు, పాత పాటలు ఎన్ని ఉన్నా ఈ పంపకం కుదరకపోతే రాత్రి చప్పగా సాగుతుంది. అది కుదిరితే హాలులో నాలుగు కుర్చీలు, ఒక లైటు చాలు.

ఒక చిన్న కథ కల్పించి చూద్దాం. నాటక సమాజం యజమాని రాత్రి తొమ్మిదింటికి మేకప్ గదిలో శవమై కనిపించాడు. ఎనిమిదిన్నరకు వాన మొదలైనప్పుడు తాను కిటికీ మూసినట్టు హార్మోనిస్టుకు గుర్తుంది. తొమ్మిదికి కాస్త ముందు వెనక తలుపు పక్కన తడిసిన గొడుగు ఉండటం దుస్తులు సర్దే ఆమె చూసింది. ఆ తలుపుకు ఒకే తాళంచెవి, అది మేనేజరుది. విడివిడిగా వీటిలో ఏదీ ఎవరినీ పట్టించదు. ముగ్గురూ మాట్లాడుకున్నప్పుడే ఎనిమిదిన్నర తర్వాత ఎవరో వెనకనుంచి లోపలికి వచ్చారని తేలుతుంది.

మేనేజరు చీటీలో మరో సంగతి కూడా రాసి ఉంటుంది. హీరోకు బాకీపడి, ఆ మొహమాటంతో సాయంత్రం తాళంచెవి అతనికిచ్చాడు. ఎవరూ అడగకపోతే ఆ మాట ఎత్తనక్కర్లేదు. ‘ఇవాళ తాళంచెవి ఎవరి దగ్గరుంది?’ అని సూటిగా అడిగితే మాత్రం నిజం చెప్పి తీరాలి. అమాయకులకు అబద్ధమాడే హక్కు లేదు గానీ మౌనంగా ఉండే హక్కుంది. సరైన ప్రశ్నకు విలువ వచ్చేది ఇక్కడే. అందరికీ దాచుకోవలసినది ఏదో ఒకటి ఉండాలి: అప్పు, పాత ఉత్తరం, ఎప్పుడో మార్చుకున్న పేరు. అప్పుడే అందరూ అనుమానితుల్లా కనిపిస్తారు, హంతకుడి తడబాటు ఒక్కటే ప్రత్యేకంగా కనబడదు.

పరిష్కారం న్యాయంగా ఉండాలి. రచయిత, క్రైస్తవ మతాచార్యుడు రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే అందాలన్నది వాటిలో ఒకటి. మరుసటి ఏడాది లండన్‌లో మొదలైన డిటెక్షన్ క్లబ్ రచయితలు ఈ నిజాయితీని ప్రమాణంగానే తీసుకున్నారు. పార్టీలో ఇది మరింత కష్టం. పుస్తకంలోని వాక్యం పేజీమీదే ఉంటుంది, పార్టీలో ఆధారం మనిషి నోట్లో ఉంటుంది. ఆ మనిషి మరిచిపోవచ్చు, కబుర్లలో పడిపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు ప్రతి ముఖ్యమైన విషయానికీ కనీసం మూడు ఆధారాలు వేర్వేరు చోట్ల పెడతారు. ఒకటి మనిషి జ్ఞాపకంలో, ఒకటి కాగితం మీద, మరొకటి వస్తువులో ఉంటే మంచిది. చేత్తో పట్టుకునే వస్తువుకు ప్రత్యేకమైన బలం ఉంది. చిరిగిన రసీదు ముక్క బల్లమీద పెట్టగానే, అంతవరకు దూరంగా కూర్చున్నవారు కూడా ముందుకు వంగుతారు.

ఇక ఇంటివారి ఏర్పాట్లు. పాత్రలను వారం పది రోజుల ముందే పంపాలి. వేషం గురించి ఆలోచించుకునే సమయంలోనే సగం ఉత్సాహం పుడుతుంది. హతుడి పాత్ర అతిథికి ఇవ్వకూడదు, మొదటి అరగంటలోనే ఆటనుంచి తప్పుకుని కూర్చోవడం ఎవరికీ బాగుండదు. కథ మొదలయ్యేసరికే చనిపోయిన వ్యక్తిని పెట్టుకోవచ్చు, లేదా ఇంటివారే చనిపోయి, ఇన్‌స్పెక్టరుగా తిరిగి రావచ్చు. వంటలు ముందే పూర్తిచేసి పెట్టుకోవాలి, స్టవ్ దగ్గరున్న మనిషి ఆట నడపలేరు. భోజనాన్ని అంకాలుగా విడదీయడం పాశ్చాత్యులు బాగా కనిపెట్టిన పద్ధతి: సూప్ అయ్యాక ఒక కొత్త ఆధారం, ప్రధాన భోజనం తర్వాత మరొకటి, స్వీటుతో పాటు ఆరోపణలు.

పాత్రలు పంచేటప్పుడు మనుషులను ఎరిగి పంచడం అన్నిటికన్నా ముఖ్యం. నిజజీవితంలో అప్పుల్లో ఉన్నవారికి అప్పులవాడి పాత్ర, విడాకుల బాధలో ఉన్నవారికి వదిలేసిన భార్య పాత్ర ఇస్తే ఆట గాయం చేస్తుంది. తక్కువ మాట్లాడేవారికి తక్కువ పనున్న పాత్ర ఇవ్వడం చాలామంది చేసే పొరపాటు. వారికి అందరికీ అవసరమైన సమాచారం ఇవ్వాలి. అప్పుడు నలుగురూ వారి దగ్గరికే వచ్చి అడుగుతారు. మాట కలపడానికి మొహమాటపడే మనిషికి పాత్ర పేరుతో ఒక కారణం దొరుకుతుంది. ఈ ఆటకున్న అసలైన విలువ, పరిచయం లేనివారు కూడా ఒకరి మాట ఒకరు ఇంత శ్రద్ధగా వినేలా చేయడం.

అమెరికాలో ఈ సరదా హోటళ్లకూ పాకింది. ‘మర్డర్ ఇంక్’ అనే నేరకథల పుస్తకాల దుకాణాన్ని స్థాపించిన డిలిస్ విన్ చొరవతో 1977లో న్యూయార్క్ రాష్ట్రంలోని మోహాంక్ మౌంటెన్ హౌస్‌లో వారాంతపు మిస్టరీలు మొదలయ్యాయి. 1985లో డెసిఫర్ కంపెనీ ‘హౌ టు హోస్ట్ ఎ మర్డర్’ పెట్టెలు తెచ్చింది. ఎనిమిది పాత్రలు, ఆహ్వాన పత్రాలు, పాత్రకో చిన్న పుస్తకం అందులోనే ఉండటంతో కథ రాయడం రానివారూ పార్టీ పెట్టగలిగారు.

అయితే ఈ కళను అందరికన్నా దూరం తీసుకెళ్లింది చైనా యువత. 2014లో కొరియా టీవీలో వచ్చిన ‘క్రైమ్ సీన్’ అనే హత్య ఆట కార్యక్రమం తరహాలో 2016లో చైనాకు చెందిన మాంగో టీవీ ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. ఆ తర్వాత చైనా నగరాల్లో ‘జూబెన్‌షా’ అనే ఈ తరహా ఆట దుకాణాలు వేలల్లో వెలిశాయి. ఆరేడుగురు కలిసి, కాలానికి తగిన దుస్తులు వేసుకుని, ఒక నిర్వాహకుడి ఆధ్వర్యంలో నాలుగైదు గంటలు ఆడతారు. కొన్ని స్క్రిప్టులు హంతకుడిని పట్టుకోవడం కోసం కాదు, ఆడేవారిని ఏడిపించడం కోసమే రాసినవి. 2022 జూన్‌లో ప్రభుత్వం మార్గదర్శకాలు తెచ్చి, దుకాణాలు తమ స్క్రిప్టులను అధికారుల వద్ద నమోదు చేయాలంది.

అమెరికా పెట్టె అయినా షాంఘై స్క్రిప్టు అయినా ఒక విషయంలో తేడా లేదు. హంతకుడెవరో తెలిశాక ఆ కథను అదే మనుషులు మళ్లీ ఆడలేరు. నడిపించగలరు మాత్రం. అందుకే ఆట అలవాటైన స్నేహబృందాల్లో పెట్టె ఒకే ఇంట్లో ఉండదు. ఈ నెల తాళంచెవి దాచిన మేనేజరు, వచ్చే నెల వేరే ఊళ్లో తన బంధువులకు పాత్రలు పంచుతూ ఉంటాడు.